బండి వచ్చేలోపు: చిన్న ఆసుపత్రుల్లో గర్భిణుల బీపీ

(ఏజెన్సీ ప్రాంతంలోని పీహెచ్‌సీ, సీహెచ్‌సీ వైద్యులకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్ఎంలకు ఒక సీనియర్ ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే ఘాట్ రోడ్డు దిగి వచ్చినవాళ్ళున్నారు, రాత్రి డ్యూటీ చేసి అటు నుంచి అటే వచ్చినవాళ్ళున్నారు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వచ్చేస్తాను.

ఐసీయూల గురించి, వెంటిలేటర్ల గురించి నేను మాట్లాడను. అవి మన దగ్గర లేవు, రేపటికి రావు. గర్భిణికి బీపీ బాగా పెరిగింది, పెద్దాసుపత్రికి పంపాలి అని మీరు అనుకున్న దగ్గర్నుంచి 108 బండి గుమ్మం ముందు ఆగేదాకా ముప్పావు గంటో గంటో పడుతుంది. వానాకాలంలో రెండు గంటలు కూడా పడుతుంది. ఆ టైములో మనం ఏం చేస్తున్నాం? చాలాచోట్ల ఆ గంట రిఫర్ చీటీ రాయడానికి, ఫోన్లకు, బంధువులకు నచ్చజెప్పడానికి పోతోంది. ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం సల్ఫేట్ సూదిమందు మాత్రం పడటం లేదు. 'పెద్దాసుపత్రిలో వాళ్ళే చూసుకుంటారు' అనుకుంటాం. ఆ గర్భిణికి ఫిట్స్ వచ్చేది దారిలో, బండిలో, మలుపుల మధ్య.

జబ్బు గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను, మీకు తెలియనిది కాదు. 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండి, నాలుగు గంటల తర్వాత మళ్ళీ చూసినా అలాగే ఉంటే అది గర్భం వల్ల వచ్చిన బీపీ. దానికి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తోడైనా, లేదా ప్లేట్‌లెట్లు పడిపోవడం, లివర్, కిడ్నీ దెబ్బతినడం, తలనొప్పి, చూపు మసకబారడం లాంటివి తోడైనా ప్రీ ఎక్లాంప్సియా. ఆల్బుమిన్ లేదు కాబట్టి ఏమీ లేదు అనుకోవద్దు, ఆ లెక్క మారి చాలా ఏళ్ళయింది. 160/110కి చేరితే నాలుగు గంటలు ఆగే పని లేదు. పదిహేను నిమిషాల్లో మళ్ళీ చూడండి, అలాగే ఉంటే మందు మొదలుపెట్టండి. ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు. మూలం మాయలో (ప్లాసెంటాలో) ఉంది. మాయ బయటికి వస్తే తప్ప జబ్బు తగ్గుముఖం పట్టదు. మనం ఇచ్చే మందులన్నీ కాన్పు దాకా తల్లిని కాపాడటానికే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2014లో వేసిన లెక్క ప్రకారం గర్భిణుల, బాలింతల మరణాల్లో 14 శాతం ఈ బీపీ జబ్బుల వల్లే. మన రెండు రాష్ట్రాల్లో మాతృ మరణాలు బాగా తగ్గాయి. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. దేశం మొత్తానికి అప్పుడు 97. సంతోషమే. కానీ అది సగటు. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చే ఊళ్ళ సంగతి ఆ సగటులో కనిపించదు.

ముందు బీపీ చూడటం దగ్గర మొదలుపెడదాం. ఇది చిన్న విషయమనుకుంటే పొరపాటు. ఏ పీహెచ్‌సీకి వెళ్ళినా నేను మొదట అడిగేది ఏఎన్‌సీ రిజిస్టరే, అంటే గర్భిణుల తనిఖీలు రాసే పుస్తకం. బీపీ కాలమ్ తిరగేస్తే పై నుంచి కింది దాకా 110/70, 110/70, 120/80, మళ్ళీ 110/70. ఊరంతటికీ ఒకే బీపీ! నవ్వుతున్నారు గానీ, ఎందుకలా రాస్తారో నాకు తెలుసు. తొమ్మిదో తారీఖున గర్భిణుల క్లినిక్‌లో వందమంది వస్తారు, మిషన్ ఒకటే ఉంటుంది, దాని ముల్లు గాలి తీసేసినా సున్నా దగ్గరికి రాదు. చేతికి చుట్టే కఫ్ వెల్క్రో ఊడిపోయి ప్లాస్టర్ వేసి ఉంటుంది. మీ తప్పు కొంతే. కానీ ఆ కాలమ్‌లో ఒక్క 150/100 దాక్కుని ఉంటే ఆమె మళ్ళీ మన కంటపడేది ఫిట్స్‌తోనే.

కాబట్టి, ఆమెను ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. వీపుకి ఆనుడు ఉండాలి, కాళ్ళు నేలమీద ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. జాకెట్ చెయ్యి పైకి నొక్కి దాని మీదే కఫ్ కట్టొద్దు. చెయ్యి లావుగా ఉంటే, అంటే చుట్టుకొలత 33 సెంటీమీటర్లు దాటితే, పెద్ద కఫ్ కావాలి. మామూలు కఫ్ కడితే లేని బీపీ చూపిస్తుంది. ఎడమ పక్కకి పడుకోబెట్టి పైనున్న కుడి చేతికి కట్టి చూస్తే ఉన్న బీపీ కాస్తా పది పన్నెండు పాయింట్ల దాకా తగ్గిపోతుంది. '150 ఉండె, పక్కకి తిప్పి చూస్తే 138 వచ్చింది, నార్మల్' అని రాసిన కేస్ షీట్లు నేను చూశాను. తగ్గింది బీపీ కాదు, చెయ్యి గుండె కన్నా ఎత్తుకు పోయింది, అంతే. డిజిటల్ మిషన్లు కొన్ని ప్రీ ఎక్లాంప్సియాలో తక్కువ చూపిస్తాయి. గర్భిణుల మీద పరీక్షించి సరిపోయిందని తేల్చిన మోడల్ కాకపోతే, అనుమానం ఉన్న కేసును స్టెత్ పెట్టి మళ్ళీ చూడండి.

మూత్రం సంగతి. ఆల్బుమిన్ చూసే డిప్‌స్టిక్ డబ్బా మూత తీసి అలాగే వదిలేస్తే తేమకు పాడైపోతాయి, ఆ తర్వాత ఏం చూపించినా నమ్మలేం. స్టిక్స్ అయిపోతే 'స్టాక్ లేదు' అని రాసి వదిలేయకండి. మా చదువు రోజుల్లో చేసినట్టు టెస్ట్ ట్యూబులో మూడింట రెండు వంతులు మూత్రం పోసి, పై భాగం మాత్రం స్పిరిట్ దీపం మీద కాచండి. తెల్లగా మబ్బు కమ్మితే పలుచని ఎసిటిక్ యాసిడ్ రెండు మూడు చుక్కలు వేయండి. మబ్బు విడిపోతే ఫాస్ఫేట్లు, ఉండిపోతే ఆల్బుమిన్. ఐదు నిమిషాల పని, కరెంటు కూడా అక్కర్లేదు.

ఇక ఆమె చెప్పే మాటలు. కాళ్ళకు నీరు చాలామందికి వస్తుంది, దానికదే జబ్బు కాదు. మన ఊళ్ళలో నీరు కనిపించగానే ఉప్పు మాన్పించేస్తారు, ఉప్పు మానినందువల్ల ఈ బీపీ తగ్గదు. మొహం ఉబ్బిందా, వేలికి ఉంగరం బిగుసుకుందా అడగండి. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, వాంతులు అడగండి. వీటన్నిటికన్నా నేను ఎక్కువ భయపడేది ఒకదానికి: రొమ్ము ఎముక కింద, కుడి డొక్కలో నొప్పి. దాన్ని ఆమె 'గ్యాస్ పట్టింది' అంటుంది. మనమూ గ్యాసే అనుకుని పాంటోప్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తాం. 20 వారాలు దాటిన మనిషి గ్యాస్ అంటే బీపీ చూడకుండా, మూత్రం చూడకుండా గ్యాస్ మందు ఇవ్వకూడదు. ఇది మీ ఓపీ గోడ మీద రాసి పెట్టుకోండి. లివర్ ఉబ్బి దాని పైపొర సాగుతుంటే వచ్చే నొప్పి అది.

ఇప్పుడు అసలు సంగతి, మెగ్నీషియం సల్ఫేట్.

ఈ మందు మీద ఉన్నంత సాక్ష్యం ప్రసూతి వైద్యంలో చాలా కొద్ది మందులకే ఉంది. 1995లో వచ్చిన పెద్ద పరిశోధనలో, అందులో మన దేశం కూడా ఉంది, ఎక్లాంప్సియా వచ్చిన 1,687 మందిలో డయాజిపామ్ అనే మత్తుమందుతో పోలిస్తే మెగ్నీషియం ఇచ్చినవాళ్ళకు మళ్ళీ ఫిట్స్ రావడం 52 శాతం తగ్గింది. ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందుతో పోలిస్తే 67 శాతం తగ్గింది. 2002లో మాగ్పై అనే పరిశోధన 33 దేశాల్లో పదివేల మందికి పైగా మీద జరిగింది. అక్కడ చూసింది ఇంకా ఫిట్స్ రాని ప్రీ ఎక్లాంప్సియా వాళ్ళను. వాళ్ళలో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. ఇన్నేళ్ళయినా ఎక్లాంప్సియా కేసుకి డయాజిపామ్ పొడిచి, బిడ్డను కూడా మత్తులో పెట్టి పంపే ఆసుపత్రులు ఉన్నాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రెండూ ఒకే అలమరలో ఉంటాయి!

మనకు దొరికే ఆంపూల్ 50 శాతం, 2 మిల్లీ లీటర్లు. అంటే ఒక ఆంపూల్ ఒక గ్రాము. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. కండకు ఇచ్చే మోతాదు 10 గ్రాములు, పది ఆంపూళ్ళు. ఐదు ఈ పిరుదుకి, ఐదు ఆ పిరుదుకి. ఒక్కో వైపు 10 మిల్లీ లీటర్లు లోతుగా పడాలి. ఒక మిల్లీ లీటరు 2 శాతం లిగ్నోకెయిన్ కలిపితే నొప్పి కొంత తగ్గుతుంది. వెయిన్ (రక్తనాళం) దొరికి, డాక్టరు ఉంటే దానికి ముందు ఇంకో నాలుగు ఆంపూళ్ళు, అంటే 8 మిల్లీ లీటర్లకి 12 మిల్లీ లీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి, ఆ 20 మిల్లీ లీటర్లను పది పదిహేను నిమిషాల్లో నెమ్మదిగా ఎక్కించాలి. ఒళ్ళంతా వేడి పుడుతుంది అంటుంది, ముందే చెప్పండి, లేకపోతే కంగారు పడుతుంది. మొత్తం 14 ఆంపూళ్ళు. ఈ పద్ధతిని అమెరికాలో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో ప్రిచర్డ్ అనే డాక్టరు స్థిరపరిచారు. ఇన్‌ఫ్యూజన్ పంపు అక్కర్లేని పద్ధతి కాబట్టే మనలాంటి చోట్ల ఇన్నేళ్ళుగా నిలిచింది.

ఆ 14 ఆంపూళ్ళను పగలగొట్టడం ఎప్పుడైనా గడియారం పెట్టుకుని చూశారా? ఎదురుగా ఫిట్స్ వస్తున్న మనిషి, బయట తల్లి ఏడుపు, చేతిలో గాజు ఆంపూల్, ఆ చేతికి వణుకు. ఒక్కరే చేస్తే ఒక పట్టాన తెమలదు. అందుకే ఎక్లాంప్సియా ట్రే అని విడిగా పెట్టుకోమనేది. 14 ఆంపూళ్ళు, పైన ఒకటి రెండు పగిలిపోయినా సరిపోయేలా ఇంకో రెండు. 20 మిల్లీ లీటర్ల సిరంజి ఒకటి, 10 మిల్లీ లీటర్లవి రెండు, 22 గేజ్ సూదులు, డిస్టిల్డ్ వాటర్, లిగ్నోకెయిన్, కాల్షియం గ్లూకోనేట్ ఒక ఆంపూల్, నిఫెడిపిన్ మాత్రలు, మోకాలి సుత్తి. ట్రే లేబర్ రూములోనే ఉండాలి. ఫార్మసీ అలమరలో పెట్టి తాళం ఫార్మసిస్టు జేబులో ఉంటే అది ఉన్నా లేనట్టే.

(సభలోంచి ఒక స్టాఫ్ నర్సు: మేడమ్, అది ఇస్తే ఊపిరి ఆగిపోతుందంటారు కదా. రాత్రిపూట డాక్టర్ గారు లేనప్పుడు ఇచ్చాక ఏమన్నా అయితే మా మీదకే వస్తుంది.)

మంచి ప్రశ్న, అందరి మనసులోనూ ఉన్నదే, మీరు అడిగారు. చూడమ్మా, మెగ్నీషియం ఎక్కువైతే మొదట పోయేది మోకాలి రిఫ్లెక్స్, అంటే సుత్తితో తడితే కాలు ఎగరడం. ఊపిరి మందగించేది ఆ తర్వాత. అంటే మనకు ముందే హెచ్చరిక వస్తుంది. అందుకే రెండో డోసు నుంచి ప్రతిసారీ మూడు చూసుకుని ఇస్తాం: మోకాలు ఎగురుతోందా, నిమిషానికి ఊపిరి 16కి తగ్గకుండా ఉందా, నాలుగు గంటల్లో మూత్రం కనీసం 100 మిల్లీ లీటర్లు వచ్చిందా. ఈ మందు కిడ్నీల నుంచే బయటికి పోతుంది, మూత్రం రాకపోతే ఒంట్లో పేరుకుంటుంది. మూడూ బాగుంటే నాలుగు గంటలకొకసారి 5 గ్రాములు, ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు. కాన్పు అయ్యాకగానీ ఆఖరి ఫిట్ తర్వాతగానీ, ఏది వెనకైతే దాన్నుంచి 24 గంటల దాకా. ఒకవేళ ఊపిరి మందగిస్తే కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం, 10 మిల్లీ లీటర్లు వెయిన్‌లో నెమ్మదిగా ఇవ్వాలి, బ్యాగుతో ఊపిరి అందిస్తూ ఉండాలి. 2013లో పేద, మధ్య ఆదాయ దేశాల పరిశోధనలన్నీ కలిపి తొమ్మిదిన్నర వేల మందిని లెక్కవేస్తే, ఊపిరి మందగించింది 1.3 శాతం మందికి. కాల్షియం ఇవ్వాల్సి వచ్చింది 0.2 శాతం కన్నా తక్కువ. ఇక మీ మీదకు రావడం సంగతి: కేంద్ర ప్రభుత్వం కాన్పుల శిక్షణ మార్గదర్శకాల్లోనే ఏఎన్ఎం, స్టాఫ్ నర్సు మొదటి 10 గ్రాములు కండకు ఇచ్చి రిఫర్ చేయవచ్చని రాసి ఉంది. ఇచ్చినందుకు సంజాయిషీ అడగరు. ఎందుకు ఇవ్వలేదని అడిగే రోజు రావాలి.

ఫిట్స్ వస్తున్నప్పుడు బంధువులు చేతిలో తాళాలు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు. తాళాలతో మనకు పోట్లాట అక్కర్లేదు, పెట్టుకోనివ్వండి. చెంచా మాత్రం వద్దు, పళ్ళు విరిగి లోపలికి పోతాయి. ఎడమ పక్కకి తిప్పండి, నోట్లో నురగ తుడవండి, ఆక్సిజన్ పెట్టండి, మంచం మీంచి పడకుండా చూడండి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ ఫిట్ వస్తే ఇంకో 2 గ్రాములు వెయిన్‌లో.

మెగ్నీషియం ఫిట్స్‌కి. బీపీకి వేరే మందు ఇవ్వాలి. ఈ రెండూ కలగాపులగం చేస్తుంటారు. ఇంజెక్షన్ లాబెటలాల్ ఉంటే మంచిదే: 20 మిల్లీ గ్రాములు, పది నిమిషాలకి తగ్గకపోతే 40, ఆపైన 80. ఆస్తమా ఉన్నవాళ్ళకు వద్దు. అది లేకపోతే దిగులుపడక్కర్లేదు. నాగపూర్‌లో రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 894 మంది గర్భిణులకు, బీపీ తీవ్రంగా ఉన్నవాళ్ళకే, నోటి మాత్రలు ఇచ్చి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఆరు గంటల్లో ఏ ఇబ్బందీ లేకుండా బీపీ అదుపులోకి వచ్చింది నిఫెడిపిన్‌తో 84 శాతం మందికి, లాబెటలాల్‌తో 77, మిథైల్‌డోపాతో 76. మాత్ర మింగించగలిగితే చాలన్నమాట. నిఫెడిపిన్ 10 మిల్లీ గ్రాములు మింగించండి, అరగంటకి మళ్ళీ చూసి ఇంకోటి. నాలుక కింద పిండొద్దు. బీపీ ఒక్కసారిగా కూలితే మాయకు రక్తం అందక బిడ్డకు ముప్పు. మనకు కావాల్సింది 120/80 కాదు, 140-150 మీద 90-100 దగ్గర ఆగితే చాలు.

కాళ్ళకు నీరుందని మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే లాసిక్స్ ఇవ్వకండి. ఆ మనిషి రక్తనాళాల్లో ఉండాల్సిన నీరు ఇప్పటికే తక్కువ, ఉన్నది బయటి కండలోకి చేరింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితేనే లాసిక్స్. అలాగే రిఫర్ అనగానే ఆర్ఎల్ సెలైన్ బాటిల్ పెట్టి ఫుల్ స్పీడులో వదలడం మనకు అలవాటు. గంటకు 80 మిల్లీ లీటర్లు మించొద్దు. మిల్లీ లీటరుకి 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి 27 చుక్కలు. బండిలో వచ్చే ఈఎంటీకి (108 సిబ్బందికి) కూడా ఇది చెప్పి పంపండి.

రిఫర్ చీటీ ఒక్క లైనులో 'హైయర్ సెంటర్‌కి రిఫర్' అని రాస్తే అక్కడివాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. భయమల్లా ఏమిటంటే, ఆమెకు మెగ్నీషియం పడిందో లేదో తెలియక మళ్ళీ మొత్తం డోసు ఇచ్చేస్తారు. ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలకు, బీపీ ఎంత, ఎన్ని వారాలు, ఫిట్ వచ్చిందా. ఈ ఐదూ పెద్ద అక్షరాలతో రాయండి. 34 వారాలలోపు అయితే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మిల్లీ గ్రాముల మొదటి డోసు ఇచ్చి అదీ రాయండి. పంపే ముందు అక్కడికి ఫోన్ చేయండి. మత్తు డాక్టరు ఉన్నారా, రక్తం ఉందా అని అడగండి. లేనిచోటికి పంపి, వాళ్ళు ఇంకోచోటికి పంపి, ఆమె ఒకే రాత్రి మూడు ఆసుపత్రుల గుమ్మాలు ఎక్కడం మన మరణాల సమీక్షల్లో మళ్ళీ మళ్ళీ కనపడే కథ.

ల్యాబ్ లేని చోట ఇంకో పని చేయొచ్చు. 2 మిల్లీ లీటర్ల రక్తం తీసి పొడి గాజు ట్యూబులో వేసి పిడికిట్లో పట్టుకోండి, వెచ్చగా ఉండాలి. నాలుగు నిమిషాలకు మెల్లగా వంచి చూడండి, తర్వాత నిమిషానికొకసారి. ఏడు నిమిషాలైనా గడ్డ కట్టకపోయినా, కట్టిన గడ్డ మెత్తగా విరిగిపోతున్నా రక్తం గడ్డకట్టే శక్తి పోయినట్టే. ఫోన్‌లో ఆ ఒక్క మాట చెబితే అవతలివాళ్ళు రక్తం సిద్ధం చేసుకుంటారు.

పంపిన ఆసుపత్రి సిద్ధంగా ఉండటం ఎంత ముఖ్యమో ఒక పెద్ద పరిశోధన చూసినా నాకు అనిపిస్తుంది. క్లిప్ అనే పరిశోధనలో కర్ణాటకలో, పాకిస్తాన్‌లో, మొజాంబిక్‌లో ఊరి ఆరోగ్య కార్యకర్తలకు ఫోన్ యాప్ ఇచ్చి, ఇళ్ళకు వెళ్ళి బీపీ చూసి, మందు ఇచ్చి, ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేశారు. 2020లో ఫలితాలు కలిపి చూస్తే తల్లీబిడ్డల మరణాలు, ఇబ్బందులు అనుకున్నంత తగ్గలేదు. నా ఉద్దేశంలో కారణం ఆశాలు కాదు. ఇంటి దగ్గర బీపీ ఎంత బాగా కనిపెట్టినా, ఆమె చేరిన ఆసుపత్రి సిద్ధంగా లేకపోతే ఆ కనిపెట్టడం వృథా.

కాన్పు ఎప్పుడు చేయాలన్నది పైవాళ్ళు తేలుస్తారు, కానీ మీకూ తెలియాలి. 37 వారాలు నిండిన ప్రీ ఎక్లాంప్సియాని 'ఇంకో రెండు వారాలు చూద్దాం' అని ఇంటికి పంపకండి. 34 నుంచి 37 వారాల మధ్య కూడా ఆగడం కన్నా ముందే కాన్పు చేస్తే కడుపులో బిడ్డ చనిపోవడం తగ్గిందని మన దేశంలో, జాంబియాలో కలిపి చేసిన పరిశోధన 2023లో చెప్పింది. సిజేరియనే కావాలని లేదు, నొప్పులు తెప్పించవచ్చు.

మీ దగ్గరే కాన్పు అయిపోతే ఒక్కటి మర్చిపోవద్దు: మెథర్జిన్ వద్దు. రక్తస్రావం ఆగడానికి అలవాటుగా చెయ్యి దానిమీదకే వెళ్తుంది. బీపీ ఉన్న మనిషికి అది ఇస్తే బీపీ ఎగబాకి మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. ఆక్సిటోసిన్ ఇవ్వండి.

నివారణ గురించి క్లుప్తంగా. పోయిన కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్ళకు, ముందే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, కవలలు ఉన్నవాళ్ళకు 12 వారాల నుంచి రాత్రిపూట ఆస్పిరిన్ చిన్న డోసు. 16 వారాలు దాటాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు, అందుకే పేరు తొందరగా నమోదు చేయించండి. కాల్షియం 500 మిల్లీ గ్రాములు రోజుకు రెండు, అన్నంతో పాటు. ఐరన్ మాత్రతో కలిపి మింగితే రెండూ సరిగా ఒంటపట్టవు. ఈ సంగతి ఎంతమందికి చెప్పారో మీరే ఆలోచించుకోండి.

(ఒక ఏఎన్ఎం: కాన్పు అయ్యాక బీపీ దానంతట అదే తగ్గిపోతుంది కదా మేడమ్?)

తగ్గుతుంది, కానీ వెంటనే కాదు. నిజానికి కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఇంకా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మనం డిశ్చార్జి చేస్తాం, ఆమె పుట్టింటికి వెళ్తుంది. అక్కడ తలనొప్పి అంటే 'పచ్చి బాలింత, గాలి సోకింది' అని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెడతారు. డిశ్చార్జి రోజున తల్లికీ అత్తకీ ఇద్దరికీ చెప్పండి: బాలింతకు తలనొప్పి వచ్చి, చూపు మసకబారితే గుడ్డ కట్టొద్దు, బండికి ఫోన్ చేయండి అని. ఏ ఊరికి వెళ్తోందో అడిగి ఆ ఊరి ఏఎన్ఎంకి మీరే ఫోన్ చేసి మూడో రోజున, ఏడో రోజున బీపీ చూడమనండి. మాత్రలు రాసి ఉంటే ఆపకూడదు, ఎనాలాప్రిల్ లాంటివి గర్భంలో నిషేధం గానీ పాలిచ్చే తల్లికి ఇవ్వవచ్చు. పన్నెండు వారాల తర్వాత కూడా బీపీ ఉంటే అది ఇక మామూలు బీపీ రోగమే, బీపీ, షుగర్ లాంటివి చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో పేరు రాయించండి. తగ్గినా సరే, ఏడాదికోసారి చూపించుకోమని చెప్పండి. ఈ జబ్బు వచ్చినవాళ్ళకు తర్వాతి కాలంలో గుండె జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా దాదాపు రెట్టింపు.

సరే, భోజనాలకు వేళయింది. తిని వచ్చాక ఆ వెనక బల్లల దగ్గరికి రండి. ముందు అందరి బీపీ మిషన్లూ పక్కపక్కన పెట్టి ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూద్దాం. ఆ తర్వాత ఇద్దరిద్దరుగా పది ఆంపూళ్ళు పగలగొట్టి రెండు సిరంజీలు నింపాలి, గడియారం నేను పట్టుకుంటాను. డిస్టిల్డ్ వాటర్ ఆంపూళ్ళే తెప్పించాం, పగిలినా పర్వాలేదు.